గోలెంల చెయ్యి

రాజలింగుకు ఒక్కటే రోగం. ఎవరింటికి పోయినా కాళ్లు కడుక్కోడు, కూసోడు, "బాగున్నరా" అని అడగడు. ముందుగాల వాళ్ల వాకిట్ల పెద్ద తొట్టి లెక్క ఉండే గోలెం కాడికి పోతడు. అంగీ చెయ్యిని భుజం దాకా మలుస్తడు. నీళ్ల గోలెమైనా సరే, బర్రెల కుడితి గోలెమైనా సరే, చెయ్యి దింపి అడుగు దాకా దేవుతడు. గొడ్డలి దొరికిందా, ఇగ ఆ ఇంటోళ్ల పని అయిపోయినట్టే.

ఇసొంటి మనిషితోని ఇన్నేండ్లు కాపురం చేసిన సోమక్కను అడుగుండ్రి, చెప్తది. పగోళ్లకు గూడ గీ మొగడు వద్దంటది. ఒకామె మొగడు తాగుతడు, ఇంకొకామె మొగడు పత్తాలాడుతడు. వాళ్లు ఏడ్చి చెప్పుకుంటె నలుగురు "అయ్యో" అంటరు. "నా మొగడు గోలెంల చెయ్యి పెడతడు" అని చెప్పుకుంటె ఎవరన్న అయ్యో అంటరా? పడి పడి నవ్వుతరు. గదీ ఆమె కోపం.

తెల్వనోళ్లకు ఒక మాట చెప్పాలె. గొడ్డలి కామ, అంటే మనం పట్టుకునే కట్టె, ఎండితే సన్నగైతది. ఇనుము లొడలొడ కదులుతది. అప్పుడు మా కాటారం దిక్కు జనం ఏం జేస్తరు? కొత్త కామ ఎయ్యరు, చీల కొట్టరు. తీస్కపోయి గోలెంల పడేస్తరు. తెల్లారేసరికి కట్టె నాని ఉబ్బి ఇనుమును బిర్రుగ పడతది. "చూసినవా, ఎంత గట్టిగైందో" అని మీసం దువ్వుకుంట కట్టెలకు పోతరు. తాతలు గట్లనే చేసిండ్రు, తండ్రులు గట్లనే చేసిండ్రు. ఊరందరిది ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. ఆ ఉలిపికట్టెనే సోమక్క మెడల తాళి కట్టింది.

"అది గట్టితనం గాదురా, వాపు!" అని అరుస్తడు రాజలింగు. "వాపును చూసి బలుపనుకునుడు మనుషుల కాడ చూసిన. గొడ్డళ్ల కాడ గూడ చూడాల్సొచ్చె! ఎండల జరసేపు కొట్టినంక ఆ నీళ్లు ఆరుతయ్. నానిన కట్టె మునుపటికంటె ఇంకింత సన్నగైతది. అప్పుడు ఆ ఇనుము ఎగిరి ఎటు పోతదో నీకెరుకనా? నీ అయ్యకెరుకనా?"

ఎవ్వరికీ ఎరుక లేదు, ఎందుకంటె ఎవ్వరూ ఆఖరి దాకా వినరు. దొరికిన గొడ్డలిని సంకల పెట్టుకుని రాజలింగు ఇంటికి తెస్తడు. నానిన కామను ఊడగొట్టి, ఎండిన చిరుమాను కట్టెను చెక్కి కొత్త కామ ఏస్తడు, బెజ్జంల చీల దిగ్గొడతడు. అప్పుడన్న మర్యాదగ తిరిగి ఇస్తడా? ఇయ్యడు. పాఠం చెప్పి ఇస్తడు. "ఎనక ఎవ్వరు లేరని చూస్కున్నవా? ముందర ఎవ్వరు లేరని చూస్కున్నవా? కాళ్లు ఎడంగ పెట్టినవా? కింద మొద్దు పెట్టుకుంటవా, నేల మీదనే కొడతవా?" అన్నిటికీ సరిగ చెప్తెనే గొడ్డలిని కింద పెడతడు. చేతికి మాత్రం ఇయ్యడు, కింద నుంచి వాళ్లే తీస్కోవాలె. చేతికిస్తే కొట్లాటయితదని పెద్దలు చెప్పిండ్రంట. "కొట్లాట సంగతి దేవుడెరుగు, వేళ్లు మిగులుతయ్" అంటడు.

ఒకసారి తన గొడ్డలి కోసం వచ్చిన బుచ్చి కడుపు కాలి అడిగింది. "ఓ బాపు, నీ పాఠం అయ్యేదాక నా పొయ్యి ఎట్ల అంటుకోవాలె?"

"ఆగు బిడ్డా, అసలు గొడ్డలి ఎట్ల పుట్టిందో చెప్పనియ్యి. ఇనుము లేని కాలంల మనిషి రాయిని నూరి, వాదర తెచ్చి, కట్టెకు తోలుతోని కట్టిండు. మా ఇంట్ల ఉన్నది, చూపిస్తనుండు. ఏమే, ఆ రాతిగొడ్డలి తే!"

రాజలింగు వాగుల దొరికిన నల్లరాయి ఒకటి తెచ్చి పెట్టుకున్నడు. అది రాతిగొడ్డలంట. సోమక్క దానితోని ఎల్లిపాయ కారం నూరుతది. ఆమె తెచ్చిచ్చిన రాయి మీద కారం చూసి బుచ్చి నవ్వింది, రాజలింగు మొఖం మాడ్చుకున్నడు. ఆ రాయి నుంచి ఇనుముకొచ్చి, కొలిమికొచ్చి, లారీ కమాను పట్టను కమ్మరి గొడ్డలిగ సాగగొట్టిన కాడికొచ్చేసరికి బుచ్చి పక్కింట్ల కట్టెలు బదులు తీస్కొని వంట గూడ చేసుకున్నది.

తండాల మాన్‌సింగ్ జర హుషారు మనిషి. రాజలింగు వస్తున్నడని తెలిసి గోలెంల గొడ్డలిని తీసి, తాడు కట్టి బాయిలకు దింపిండు. రాజలింగు గోలెం దేవిండు, ఏం లేదు. మాన్‌సింగ్ మొఖం చూసిండు, బాయి దిక్కు చూసిండు. సప్పుడు చేయకుండ పోయి తాడు గుంజిండు.

"ఏం మాన్‌సింగ్, నీళ్లు గొడ్డలితోని తోడుతానవా?"

"కాదన్నా... అది... జారి పడ్డది."

"తాడు కట్టుకుని జారిందా?"

ఇగ కేసముద్రం ముచ్చట సోమక్క ముందట ఎత్తొద్దు, కర్ర తీస్తది. చుట్టాలింటికని ఇద్దరు రైలెక్కి పోయిండ్రు. స్టేషన్ బయట చాయ్ హోటల్ల ఒక నీళ్ల డ్రమ్ము, పక్కన కట్టెల మోపు కనపడ్డయ్. రాజలింగు అంగీ చెయ్యి మలిచిండు. "వద్దయ్యా" అని సోమక్క అనేలోపట చెయ్యి లోపలికి పోయింది. గొడ్డలి రాలే, చాయ్ గంటె వచ్చింది. హోటలాయన, చాయ్ తాగే లారీ డ్రైవర్లు, అందరు లేచిండ్రు. "పిచ్చోడన్నా, ఇడిచిపెట్టుండ్రి" అని సోమక్క చేతులు మొక్కి తోల్కపోయింది. దారంతా మొగని మీద మన్ను పోసింది. ఆయన మాత్రం "డ్రమ్ముల లేకుంటె ఇంకెక్కడ నానబెట్టిండో" అని ఎనక్కి తిరిగి చూసుకుంట నడిచిండు.

ఇంటి సంగతి అంటరా? ఇంట్ల ఈగల మోత, బయట పల్లకీల మోత. ఊరందరి గొడ్డళ్లకు కామలు, సోమక్క పొయ్యిల మాత్రం పచ్చి కట్టె. పొగకు కండ్లు ఎర్రగ చేసుకుని ఆమె గొట్టం ఊదుకుంట తిడుతుంటె, ఆయన అరుగు మీద ఇంకెవ్వరిదో కామ చెక్కుకుంట పచ్చి ఉల్లిగడ్డ కొరుకుతడు. ఉల్లిగడ్డ లేంది ఆయనకు బుక్క దిగదు. ఈ ఉల్లిగడ్డ ముచ్చట యాదిల పెట్టుకోండ్రి.

ఇదంతా ఓర్చుకున్నది సోమక్క. తల్లిగారింట్ల ఆయన చేసిన పని మాత్రం ఓర్వలే.

ఆమె తల్లిగారిది మొగుళ్లపల్లి. తమ్ముడు ఐలేశ్‌కు ఒక్కతే బిడ్డ, గీతాంజలి. పోయినేడు ఆ పిల్లను చూడనీకి పిల్లగాని తరఫోళ్లు వచ్చిండ్రు. మేనత్తాయె, సోమక్క మొగన్ని తీస్కొని పోయింది. పెద్దమనుషులు మంచాల మీద కూసుని చాయ్ తాగుతున్నరు. రాజలింగు ఎప్పటి లెక్కనే సక్కగ కుడితి గోలెం కాడికి పోయిండు. భుజం దాకా కుడితి కారుకుంట, గొడ్డలి పట్టుకుని నడి వాకిట్ల నిలబడ్డడు.

"పిల్లను చేసుకునే ముందు మామ తెలివి చూసుకోండ్రి! గొడ్డలిని కుడితిల నానబెట్టే ఇల్లిది!"

వచ్చినోళ్లు మంచోళ్లు, నవ్వుకున్నరు. సంబంధం ఖాయమైంది. ఐలేశ్‌కు మాత్రం తల తీసేసినట్టయింది. అందరు పోయినంక అక్కను పక్కకు పిలిచిండు. "అక్కా, నువ్వెప్పుడన్న రా, ఇది నీ ఇల్లు. బావ మాత్రం నా గడప తొక్కొద్దు."

మొగడు తొక్కని గడప ఆమె ఎట్ల తొక్కుతది? ఆనాటి నుంచి సోమక్క తల్లిగారింటికి పోలే. బతుకమ్మకు పోలే, ఎల్లమ్మ పండుగకు పోలే. పిల్ల పెండ్లి దగ్గరికొచ్చింది. కుమ్మరోళ్లింటి నుంచి పెండ్లికి తెచ్చే అయిరేని కుండను ఆడిబిడ్డగ నెత్తికెత్తాల్సింది ఆమె. ఆ కుండ ఇంకెవ్వరి నెత్తికో పోతదేమోనని ఆమెకు తిండి పోలే.

ఆఖరుకు మరదలు అనిత బొట్టు పెట్టి పిలవనీకి వచ్చింది. "వదినె, గీతాంజలి మొండికేసింది. మేనత్త కుండ ఎత్తకుంటె పీటల మీద కూసోనంటది. మీ తమ్ముడు దిగొచ్చిండు. అన్నను గూడ తోల్కరమ్మన్నడు. కని అన్న ఈసారి ఏమన్న చేస్తే మాత్రం, ఇగ మీకూ మాకూ లేదంటాండు."

అనిత పోంగనే సోమక్క తలుపు పెట్టి మొగని చెయ్యి తన నెత్తి మీద పెట్టుకున్నది.

"నా మీద ఒట్టేయ్. మా తల్లిగారింట్ల గోలెంల చెయ్యి పెట్టవు."

"పెట్ట."

"గొడ్డలి ముట్టవు."

"ముట్ట."

"గొడ్డలి అన్న మాట గూడ నోట్లకెళ్లి రానియ్యవు."

"మాట గూడనా?"

"మాట గూడ."

"గోటితోని పోయేదానికి గొడ్డలెందుకని సామెత చెప్పొచ్చా?"

"చెప్పొద్దు!"

పందిరి నాడు పొద్దుగాలనే మొగుళ్లపల్లిల దిగిండ్రు. వాకిట్ల అడుగు పెట్టంగనే రాజలింగు కాళ్లు వాటంతటవే గోలెం దిక్కు తిరిగినయ్. ఐలేశ్ చూస్తున్నడు, అనిత చూస్తున్నది, సోమక్క ఊపిరి బిగపట్టింది. రాజలింగు రెండు చేతులు ఎనక కట్టుకుని, మొఖం పక్కకు తిప్పుకుని, గోలెం ముంగట్నుంచి నడిచిపోయిండు. సోమక్క మనసుల ఎల్లమ్మకు కొబ్బరికాయ మొక్కుకున్నది.

అప్పుడు జగపతి వచ్చిండు. జగపతి ఐలేశ్ దోస్తు. ఊళ్ల ఎవరింట్ల పెండ్లయినా కట్టెలు కొట్టేది ఆయననే. గ్యాస్ మీద వండితే బగారకు రుచి రాదని మా దిక్కు పట్టింపు. జగపతి గోలెంల చెయ్యి పెట్టి, రాత్రంతా నానిన గొడ్డలి తీసిండు. కుడితి కారుతుంటె దులుపుకుంట, "మస్తు బిర్రుగైంది" అని వాకిట్ల ఒక మూలకు పోయి, పాట పాడుకుంట మొదలువెట్టిండు.

రాజలింగు మొఖం పుల్ల మింగిన కోడి లెక్క అయింది. నోరు తెరిచిండు. సోమక్క గుడ్లురిమింది. నోరు మూసిండు.

పొద్దెక్కింది. ఎండ చురుక్కుమంటున్నది. జగపతికి ఎదురుంగ, పందిరి నీడల ఆడోళ్లు బరకం పరుచుకుని ఉల్లిగడ్డలు కోస్తున్నరు. చేతులకు మైదాకు పెట్టుకుని పెండ్లిపిల్ల గీతాంజలి గూడ వాళ్ల నడుమ కూసున్నది. చుట్టూ పిల్లలు ఉరుకులాడుతున్నరు. రాజలింగు జగపతి దగ్గరికి పోయి "చాయ్ తాగు తమ్మీ" అన్నడు. జరసేపటికి "నీళ్లు తాగు" అన్నడు. మళ్ల పోయి "బీడీ తాగు" అన్నడు.

"నేను బీడీ తాగనే! నన్ను పని చేసుకోనిస్తవా లేదా?" అని జగపతి కసిరిండు.

రాజలింగు తిరిగొచ్చి, లోపల ఉన్న నులక మంచాన్ని గుంజుకొచ్చి, ఉల్లిగడ్డలు కోసే ఆడోళ్ల నడుమ ఏసి, అడ్డం పండుకున్నడు.

"గిదేందన్నా?" అన్నది అనిత.

"అలిగిన" అన్నడు రాజలింగు.

పెండ్లింట్ల ఇంటల్లుడు అలిగితే ఆ కథ వేరే ఉంటది. పని ఆపి బతిమాలాలె, అడిగింది ఇయ్యాలె, ఎందుకని అడగొద్దు. ఐలేశ్ పండ్లు కొరుక్కుంట వచ్చిండు.

"ఏం గావాలె బావా?"

"నాకు ఉల్లిగడ్డ వాసన పడదు. వీళ్లందరు ఇంటెనకకు పోవాలె."

సోమక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉల్లిగడ్డ లేంది బుక్క దిగనోనికి ఉల్లిగడ్డ వాసన పడదంట! నా తల్లిగారి ఇజ్జత్ తీయనీకి కాకుంటె ఇంకెందుకు? ఆడోళ్లు గొణుక్కుంట బరకం ఎత్తుకున్నరు. "నువ్వు గూడ లే బిడ్డా, ఎండకు మైదాకు కరాబైతది" అని గీతాంజలిని గూడ లేపిండు. మైదాకు ఎండకు కరాబైతదని ఎవరన్న ఎన్నడన్న విన్నరా?

"ఇంకేం గావాలె?" అన్నడు ఐలేశ్.

"పిల్లల లొల్లికి నిద్ర పడతలేదు. వాళ్లను గూడ ఎనకకు తోలు."

పిల్లలు పోయిండ్రు.

"ఇంకేమన్న ఉన్నదా?"

రాజలింగు జగపతి దిక్కు ఒక కన్ను, ఎండ దిక్కు ఒక కన్ను పెట్టి ఆలోచన చేసిండు. "నాకు చాటు లేదు. ట్రాక్టర్ ఎనక తగిలించే డబ్బను తెచ్చి నా మంచం ముంగట అడ్డం పెట్టుండ్రి."

అల్లుండ్లు ఉంగరం అడుగుతరు, బట్టలు అడుగుతరు. చాటుకు ట్రాక్టర్ డబ్బ అడిగిన అల్లున్ని మొగుళ్లపల్లి ఆనాటి దాకా చూడలే. ఐలేశ్ మొఖం కందగడ్డయింది. అయినా పిల్ల పెండ్లి, ఏం జేస్తడు? ట్రాక్టర్ తెప్పించి, జగపతికీ మంచానికీ నడుమ డబ్బను అడ్డం పెట్టించిండు. ఇనుప డబ్బ ఎనక రాజలింగు హాయిగ కాళ్లు చాపుకున్నడు. ఇంటెనక నుంచి ఆడోళ్లు తొంగి చూసి నవ్వుతున్నరు. ఐలేశ్ అక్క దిక్కు తిరిగిండు.

"అయిపోయిందక్కా. ఇగ మీకూ మాకూ గీ పెండ్లితోనే సరి."

సోమక్కకు దుఃఖం, కోపం రెండు ఒక్కసారే పొంగినయ్. డబ్బ సుట్టు తిరిగొచ్చి మంచం కోడు పట్టి ఊపింది.

"లే! లెమ్మంటాన్నా! గోలెంల చెయ్యి పెట్టొద్దంటె మా వాళ్ల కంట్ల చెయ్యి పెడతవా? నా అయిరేని కుండ నెత్తికెక్కక ముందే పగలగొడితివి గదయ్యా! ఏం పాపం చేసిన్నని నాకు దొరికినవ్?"

రాజలింగు లేవలే. మెల్లగ అన్నడు. "నీ మీద ఒట్టేయించుకున్నవ్. చెయ్యి పెట్టలే. ముట్టలే. మాట గూడ అనలే. ఇంకేం జేయమంటవే?"

"మాట అనకపోతే—"

ఠంగ్!

ట్రాక్టర్ డబ్బ గంట కొట్టినట్టు మోగింది. జగపతి పాట నడుమల ఆగిపోయింది. అందరు అటు చూసిండ్రు. జగపతి రెండు చేతులు ముందరికి చాపి నిలబడ్డడు, చేతులల్ల వట్టి కామ ఉన్నది. గొడ్డలి ఇనుము డబ్బకు కొట్టుకుని కింద పడ్డది. డబ్బ రేకుకు సొట్ట పడ్డది, నేల మీద కూసున్న మనిషి తలకాయ ఎంతెత్తుల ఉంటదో అంతెత్తుల.

బరకం పరిచిన జాగల ఇంకా ఉల్లిపొట్టు ఉన్నది. అనిత ఎక్కడ కూసున్నదో, గీతాంజలి మైదాకు చేతులు ఆరబెట్టుకుంట ఎక్కడ కూసున్నదో సోమక్కకు కనపడుతున్నది. ఉల్లిగడ్డ వాసన పడదన్నడు. మైదాకు కరాబైతదన్నడు. పిల్లల లొల్లి అన్నడు. అరే, గీ మొగడు గోలెంల చెయ్యి పెట్టింది ఇన్నేండ్లు గొడ్డలి కోసమనుకుంటిని గదా!

డబ్బ ఎనక నుంచి రాజలింగు గొంతు వినపడ్డది.

"ఏమే, ఇప్పుడు మాట్లాడొచ్చా?"

సోమక్క కొంగు నడుంకు చెక్కింది. "నువ్వు ఊకో. నేను మాట్లాడుత."

ఇగ చూడుండ్రి. "ఏంరా ఐలేశ్! అది గట్టితనమారా? వాపు! ఎండకు నీళ్లు ఆరుతయని తెల్వదా? నానిన కట్టె మునుపటికంటె సన్నగైతదని నీకెరుకనా? నీ అయ్యకెరుకనా?" ఐలేశ్ అయ్య తన అయ్యనే అని గూడ ఆమెకు యాది లేదు. జగపతి మీదికి తిరిగింది. "పాట పాడుతానవా? ఎనక చూసినవా? ముందర చూసినవా? ఆడోళ్లు ఎదురుంగ కూసుంటె గొడ్డలెట్ల ఎత్తినవ్? కింద మొద్దన్న పెట్టుకున్నవా? అసలు గొడ్డలి ఎట్ల పుట్టిందో తెలుసా నీకు? ఇనుము లేని కాలంల మనిషి రాయిని నూరి—"

"వదినె, జర ఊపిరి తీస్కో" అన్నది అనిత, కండ్లు తుడుచుకుంట.

సోమక్క ఆగలే. సక్కగ గోలెం కాడికి పోయింది. రైక చెయ్యి పైకి మలిచి, భుజం దాకా కుడితిల దింపి, అడుగు దాకా దేవి, ఇంకొక గొడ్డలి తీసింది. కుడితి కారుకుంట తెచ్చి మంచం పక్కన కింద పెట్టింది. చేతికియ్యలే.

"దీనికి గూడ కామ ఎయ్యి" అన్నది.

రాజలింగు గొడ్డలి దిక్కు చూసిండు, పెండ్లాం దిక్కు చూసిండు. ఐలేశ్ తల దించుకుని మంచం కోడు కాడ కూసున్నడు. "బావా, అలక తీర్చుకో. ఏం గావాల్నో అడుగు. నిజంగ అడుగుతున్న."

"ఆకలైతాంది తమ్మీ" అన్నడు రాజలింగు. "రెండు రొట్టెలు, ఒక ఉల్లిగడ్డ."

మాపటికి డప్పులు మోగినయ్. ఆడిబిడ్డ సోమక్క ముందర, ఊరి ఆడోళ్లంతా ఎనక, అయిరేని కుండల కోసం కుమ్మరోళ్ల ఇంటికి పోయిండ్రు. కుండలకు పసుపు కుంకుమ పెట్టిండ్రు. అనిత కుండ ఎత్తి సోమక్క నెత్తి మీద పెట్టబోయింది. సోమక్క కండ్లు వాకిట్ల ఒక మూలన పడ్డయ్. అక్కడ ఒక గోలెం ఉన్నది, పక్కన కట్టెల మోపున్నది.

"జర ఆగు పిల్లా" అన్నది సోమక్క, రైక చెయ్యి మలుచుకుంట.

డప్పులోళ్లు ఆగి చూసిండ్రు.